ఏబీసీడీలకూ ఎంట్రన్సే!

దక్షిణ కొరియాలో బడి ఈడు రాని పిల్లల ఇంగ్లిష్ చదువుకి నెలకయ్యే ఖర్చు మన రూపాయల్లో తొంభై వేల పైమాటే. ఆ చదువు చెప్పడానికి ఏడు దేశాల నుంచి టీచర్లు విమానమెక్కి వస్తారు. తరగతిలో ఆటాపాటా, తరగతి బయట సీట్ల వేట. తెలుగు అమ్మానాన్నలకు బాగా తెలిసిన కథే. కాకపోతే మనకంటే నాలుగడుగులు ముందు నడుస్తోంది.

సియోల్ నగరంలో హాన్ నదికి దక్షిణాన గంగ్నమ్ ప్రాంతం ఉంది. ఒకే ఒక్క పాటతో ప్రపంచమంతటా నోళ్లలో నానిన పేరది. ఆ గంగ్నమ్‌లోనే దేచి-దొంగ్ అనే పేట. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు అంతస్తు మీద అంతస్తుగా వేలాడినట్టు అక్కడ ట్యూషన్ సెంటర్ల బోర్డులు కనిపిస్తాయి. లెక్కలు, సైన్సు, వ్యాసరచన, ఇంగ్లిష్... ఏది కావాలంటే అది. ఈ సెంటర్లను కొరియాలో ‘హగ్వన్’ అంటారు.

పొద్దున తొమ్మిది దాటాక ఆ వీధుల్లోకి పసుపు రంగు వ్యాన్లు వస్తాయి. వాటిలోంచి దిగే బుడతల్లో కొందరికి జిప్పు పెట్టుకోవడం కూడా రాదు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి అరలో పెడతారు. లోపల తొడుక్కునే చెప్పుల్లో కాళ్లు దూర్చి, నడుం వంచి ‘గుడ్ మార్నింగ్ టీచర్’ అంటారు. వంగడం కొరియా పద్ధతి, పలకరింపు ఇంగ్లిష్‌ది. చాలాచోట్ల ఆ గుమ్మం దాటాక మధ్యాహ్నం ఇంటికెళ్లేదాకా కొరియన్ మాట్లాడకూడదన్నది నియమం. ఇంట్లో పెట్టిన పేరు కూడా బయటే ఉండిపోతుంది. లోపల ప్రతి పిల్లాడికీ ఓ ఇంగ్లిష్ పేరుంటుంది.

పిల్లలు మధ్యాహ్నం వెళ్లిపోయాక అవే గదుల్లోకి బడి వదిలిన పెద్ద పిల్లలు వస్తారు. టీచర్ మాత్రం మారరు. పొద్దున రంగుల పేర్లు పాడించిన గొంతే సాయంత్రం వ్యాకరణం చెబుతుంది.

పేరుకి కిండర్‌గార్టెన్... లెక్కకి ట్యూషన్

ఈ చోట్లను జనం ‘ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్’ అనే పిలుస్తారు. చట్టం దృష్టిలో మాత్రం అవి కిండర్‌గార్టెన్లు కావు, చిన్నపిల్లల ఇంగ్లిష్ హగ్వన్లు. బోర్డు మీద కిండర్‌గార్టెన్ అని రాసుకుంటే జరిమానా పడుతుంది. ఈ తేడా కాగితాలకే పరిమితం కాదు. అసలైన కిండర్‌గార్టెన్లు ప్రభుత్వం రూపొందించిన ‘నూరి’ పాఠ్యప్రణాళికను పాటించాలి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లల కోసం తయారైన ఆ ప్రణాళికను 2019లో సవరించి, ఆటనే దాని నడుమ నిలిపారు. ఫీజులో ప్రభుత్వ సాయం కూడా అందుతుంది. హగ్వన్లకు ఆ ప్రణాళికతో పనిలేదు. సాయమూ లేదు, ఖర్చంతా తల్లిదండ్రులదే.

అయినా గిరాకీ తగ్గలేదు. దేశంలో 2019లో 615 ఉన్న చిన్నపిల్లల ఇంగ్లిష్ హగ్వన్లు 2023 నాటికి 842 అయ్యాయి. ఆ ఏడాదే కొరియాలో జననాల రేటు ఒక్కో మహిళకు 0.72కి పడిపోయింది. పుట్టే పిల్లలు తగ్గుతున్న దేశంలో పసిపిల్లల ట్యూషన్లు పెరగడం వింతగా తోస్తుంది. కానీ ఇంట్లో ఒక్కరే సంతానమైతే అమ్మానాన్నల సంపాదనతో పాటు తాతా నానమ్మల పొదుపు కూడా ఆ ఒక్కరి చదువు మీదే వాలుతుంది.

ఆరేళ్ల లోపు పిల్లల ప్రైవేటు చదువుల మీద కొరియా విద్యాశాఖ 2024లో ప్రయోగాత్మకంగా ఓ సర్వే చేసింది. ఫలితాలు 2025 మార్చిలో వచ్చాయి. ఆ వయసు పిల్లల్లో 47.6 శాతం మంది ఏదో ఒక ప్రైవేటు శిక్షణకు వెళ్తున్నారు. ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్ ఖర్చు నెలకు సగటున 15 లక్షల 45 వేల వాన్లు (వాన్ అంటే కొరియా కరెన్సీ). ఇక బడి పిల్లల ట్యూషన్ల మీద 2024లో ఆ దేశం పెట్టిన ఖర్చు 29.2 లక్షల కోట్ల వాన్లు. మన లెక్కలో దాదాపు లక్షా 75 వేల కోట్ల రూపాయలు!

నూటనలభై ఏళ్ల మోజు

కొరియాలో ఇంగ్లిష్ బడులు కొత్తగా పుట్టినవి కావు. దుబాసీలను తయారు చేయడానికి 1883లోనే రాజాస్థానం ‘తొంగ్‌మున్‌హక్’ అనే పాఠశాల తెరిచింది. 1885లో హెన్రీ అపెంజెల్లర్ అనే అమెరికన్ మిషనరీ అబ్బాయిల కోసం బేజే పాఠశాలను, ఆ మరుసటేడు మేరీ స్క్రాంటన్ అమ్మాయిల కోసం ఇహ్వా పాఠశాలను మొదలుపెట్టారు. అప్పట్లో ఇంగ్లిష్ వస్తే కొలువు ఖాయం. జపాన్ పాలన ముగిశాక 1945లో దక్షిణాదికి అమెరికా సైనిక ప్రభుత్వం వచ్చింది. ఇంగ్లిష్ తెలిసినవాళ్లకు మళ్లీ దర్జా పెరిగింది.

పసిపిల్లల దాకా ఈ మోజు పాకింది మాత్రం 1990లలో. అధ్యక్షుడు కిమ్ యంగ్-సామ్ ప్రపంచీకరణను ప్రభుత్వ నినాదం చేశారు. ప్రభుత్వ బడులకు విదేశీ టీచర్లను రప్పించే ‘ఎపిక్’ కార్యక్రమం 1995లో మొదలైంది. 1997 నుంచి మూడో తరగతిలో ఇంగ్లిష్ తప్పనిసరి పాఠ్యాంశమైంది. అదే ఏడాది చివర ఆర్థిక సంక్షోభం దేశాన్ని కుదిపేసింది. ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లో ఇంగ్లిష్ స్కోరు ఉన్నవాడికి కొంత భరోసా దొరికింది. నేటికీ కొలువు కావాలంటే చాలా కంపెనీలు టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్ష మార్కులు చూస్తాయి.

దీనికి తోడు ‘సునుంగ్’ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష ఉంది. ఏటా నవంబరులో జరిగే ఆ పరీక్షలో ఇంగ్లిష్ విని జవాబులు రాసే భాగం నడిచే అరగంట పైచిలుకు సమయంలో దేశవ్యాప్తంగా విమానాలు ఎగరవు, దిగవు. పద్దెనిమిదేళ్లకు రాయబోయే ఆ పరీక్ష కోసం నాలుగేళ్లప్పుడే పరుగు మొదలవుతోంది.

టీచర్ గారి వీసా

ఈ చదువు చెప్పడానికి వచ్చే విదేశీయులకు ఇచ్చేది ఈ-2 వీసా. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే ఆ అర్హత. డిగ్రీ ఉండాలి, స్వదేశంలో నేరచరిత్ర లేదన్న పత్రం కావాలి, కొరియాలో దిగాక వైద్యపరీక్ష చేయించుకోవాలి. ఒకప్పుడు హెచ్‌ఐవీ పరీక్ష కూడా తప్పనిసరిగా ఉండేది. న్యూజిలాండ్ టీచర్ ఒకరు దాని మీద పోరాడారు. జాతి వివక్ష నిర్మూలనకు పనిచేసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2015లో ఆమెకు అనుకూలంగా తేల్చింది. 2017లో కొరియా ఆ నిబంధన ఎత్తేసింది.

మనవాళ్లకూ ఓ చిన్న తలుపు ఉంది. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ప్రకారం, డిగ్రీతో పాటు ఇంగ్లిష్ బోధించే అర్హతపత్రం ఉన్న భారతీయులు అక్కడి బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా చేరవచ్చు. హగ్వన్లకు ఇది వర్తించదు. ఇక అమెరికాలోనో బ్రిటన్‌లోనో పుట్టి పెరిగి, అక్కడే డిగ్రీ చేసిన తెలుగు యువత నేరుగా ఈ-2కే అర్హులు. అయితే దరఖాస్తుతో పాటు ఫొటో అడగడం అక్కడ మామూలు. చర్మం రంగు చూసి వెనక్కి పంపుతున్నారని నల్లజాతి, ఆసియా మూలాలున్న టీచర్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు. పాస్‌పోర్టు ఒక్కటే అయినా ప్రకటన బోర్డు మీద ఏ ముఖం ఉంటే ఫీజు కట్టే తల్లిదండ్రులు మెచ్చుతారన్నది యజమాని లెక్క.

జీతం నెలకు 20 లక్షల వాన్ల పైచిలుకు. ఉండటానికి ఒంటిగది ఫ్లాట్ ఇస్తారు, లేదా అద్దె భత్యం ఇస్తారు. ఏడాది పూర్తయితే ఓ నెల జీతం అదనంగా ఇవ్వాలన్నది చట్టం. దాన్ని ఎగ్గొట్టడానికి పదకొండో నెలలో సాగనంపే యజమానుల గురించి కొత్తగా వెళ్లేవాళ్లకు పాతవాళ్లు ముందే చెబుతారు. వీసా ఆ యజమానితోనే ముడిపడి ఉంటుంది కాబట్టి వాదనకు దిగడం కష్టం. ప్రభుత్వ బడుల్లో ఈ బెడద తక్కువ. వారానికి 22 తరగతులు, పక్కనే కొరియన్ టీచర్, పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం. పళ్లెంలో అన్నం, సూప్‌తో పాటు కిమ్చీ ఉండాల్సిందే.

నలభై నిమిషాల తరగతి

కొత్త విద్యాసంవత్సరం మార్చిలో మొదలవుతుంది. చిన్నపిల్లల తరగతిలో మొదటి వారమంతా ఏడుపులే. అమ్మ కావాలని ఒకరు, బాత్రూమ్ ఎక్కడో తెలియక ఒకరు, పక్కవాళ్లు ఏడుస్తున్నారని ఇంకొకరు. టీచర్‌కు కొరియన్ రాదు, పిల్లలకు ఇంగ్లిష్ రాదు. అప్పుడు పనికొచ్చేవి డిగ్రీలు కావు. బొమ్మ, పాట, స్టిక్కరు.

ఈ వయసు పిల్లల్ని కూర్చోబెట్టి చెబితే ఎక్కదు. అందుకే అనుభవమున్న టీచర్లు ఐదారు నిమిషాలకోసారి పని మారుస్తారు. తరగతి పలకరింపు పాటతో మొదలవుతుంది. తర్వాత ఇవాళ వారమేమిటి, బయట ఎండా వానా అన్న కబుర్లు. ఆపైన బొమ్మల కార్డులు. ఒక కార్డు వెనక దాచి, మూల మాత్రం కనిపించేలా చూపిస్తే తరగతి మొత్తం లేచి నిలబడుతుంది. ‘గెంతు’, ‘కూర్చో’, ‘ముక్కు పట్టుకో’ అని చెప్పి చేయించే పద్ధతి ఇంకొకటి. 1960లలో జేమ్స్ ఆషర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీన్ని శాస్త్రీయంగా మలిచారు. పిల్లలు మాట్లాడకపోయినా ఫర్వాలేదు, విన్నది ఒంటితో చేసి చూపిస్తే చాలన్నది దాని సారం. మాట దానంతటదే తర్వాత వస్తుంది.

కొరియా పిల్లలతో ఇంకో సౌలభ్యం ఉంది. తగువు ఏదైనా ‘కావి బావి బో’తో తీరిపోతుంది. రాయి, కత్తెర, కాగితం ఆటే అది. ఎర్ర క్రేయాన్ ఎవరిది, వరసలో ముందు ఎవరు, చివరి బిస్కెట్ ఎవరు తినాలి... పిడికిళ్లు గాల్లో ఆడిస్తారు, ఓడినవాడు కిక్కురుమనడు. విదేశీ టీచర్లు అక్కడ దిగిన కొన్నాళ్లకే నేర్చుకునే కొరియన్ బహుశా ఇదే. తరగతిని జట్లుగా విడగొట్టాలన్నా ఆటలో వంతులు తేల్చాలన్నా అంతకంటే మంచి పనిముట్టు లేదు.

భోజనమయ్యాక అందరూ బ్రష్షులు పట్టుకుని వరసగా పళ్లు తోముకుంటారు. టీచర్ ఫొటోలు తీసి, ‘ఇవాళ మీ అమ్మాయి పసుపు, పచ్చ గుర్తుపట్టింది’ అని తల్లిదండ్రుల ఫోన్‌కి పంపాలి. ఏడాదికి ఒకట్రెండుసార్లు తల్లిదండ్రులు వెనక కుర్చీల్లో కూర్చుని తరగతి చూస్తారు. ఆ పూట పాఠం ముందే సాధన చేయించాల్సి వస్తుంది. మామూలు రోజున గలగలా మాట్లాడే పిల్లాడు ఆ పూట అమ్మను చూసి నోరు విప్పడు. ఫీజు కట్టినవారికి కనిపించేది ఆ నలభై నిమిషాలే.

ప్రభుత్వ ప్రాథమిక బడిలో సమస్య వేరు. అక్కడ మూడు, నాలుగు తరగతులకు వారానికి రెండు, ఐదు, ఆరు తరగతులకు మూడు ఇంగ్లిష్ పీరియడ్లు. మూడో తరగతి పుస్తకం ‘హలో’తో మొదలవుతుంది. ఆ గదిలో ఓ బెంచీ మీద ఇంగ్లిష్‌లో డైరీ రాసుకునే పాప ఉంటుంది. పక్క బెంచీ మీద ఏ అక్షరం ఏదో తెలియని బాబు ఉంటాడు. ఇద్దరికీ ఒకటే పాఠం. ఆమెకు ఆవులింతలు, అతడికి కంగారు. ఆ బాబు తెలివితక్కువవాడేమీ కాదు, వాళ్లింట్లో నెలకు 15 లక్షల వాన్లు లేవు, అంతే. తొమ్మిదేళ్లకే తనకు ఇంగ్లిష్ రాదని అతడు తీర్మానించుకోకుండా చూడటమే ఆ టీచర్‌కు అసలు పరీక్ష.

బస్సుకి ఎన్ని చప్పట్లు?

కొరియన్ పిల్లలకు ఇంగ్లిష్ ఎక్కడ తడబడుతుందో తెలుగువాళ్లకు చిటికెలో అర్థమవుతుంది. మనలాగే వాళ్లు కూడా ఇంగ్లిష్ పదాల చివర ఓ అచ్చు తగిలించుకుంటారు. మనకు బస్సు, వాళ్లకు ‘బొసు’. మనకు డెస్కు, వాళ్లకు ‘దెసుకు’. దీనికి టీచర్లు చప్పట్ల చిట్కా వాడతారు. పదానికి ఎన్ని అక్షరాలు పలుకుతున్నామో అన్ని చప్పట్లు కొట్టాలి. రెండో చప్పట్లో ఆ అదనపు అచ్చు దొరికిపోతుంది. ఎఫ్ ధ్వని కొరియన్‌లో లేదు కాబట్టి కాఫీ ‘కొపి’ అవుతుంది. దానికి కింది పెదవిని పళ్ల కింద పెట్టి కుందేలులా ముఖం పెట్టమంటారు. పిల్లలు విరగబడి నవ్వుతారు. ఆ నవ్వులోనే ధ్వని పట్టుబడుతుంది.

నాలుగేళ్లకు గ్రూప్-1

ఇక్కడిదాకా కథ ముచ్చటగానే ఉంది. ముదురుతున్నది ప్రవేశాల దగ్గర. పేరున్న ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్‌లో సీటు కావాలంటే బిడ్డ పరీక్షలో నెగ్గాలి. దానికి జనం పెట్టిన వెటకారపు పేరు ‘నాలుగేళ్ల గోసి’. గోసి అంటే మన గ్రూప్-1, సివిల్స్ తరహా పోటీ పరీక్ష. అది దాటినవాళ్లకు బడిలో చేరే ముందు ‘ఏడేళ్ల గోసి’ ఉంటుంది. దేచి-దొంగ్‌లోని పేరున్న ఇంగ్లిష్ హగ్వన్లలో ఒకటో తరగతి సీట్ల కోసం రాసే పరీక్ష అది. కొరియా పాత పద్ధతిలో పుట్టిన రోజునే బిడ్డకు ఏడాది లెక్కేస్తారు కాబట్టి ఈ నాలుగు, ఏడు మన లెక్కలో ఇంకా తక్కువే. పరీక్షకు సిద్ధం చేసే ట్యూషన్లు కూడా పుట్టుకొచ్చాయి. ట్యూషన్‌లో చేరడానికి ట్యూషన్ అన్నమాట.

2025 ఫిబ్రవరిలో కేబీఎస్ టీవీ ఈ ఏడేళ్ల పరీక్ష మీద ఓ పరిశోధనాత్మక కథనం ప్రసారం చేసింది. ఆ ప్రశ్నపత్రాలు చూసి పెద్దవాళ్లే నోరెళ్లబెట్టారు. అదే ఏడాది ఆగస్టులో అక్కడి జాతీయ మానవ హక్కుల కమిషన్ ఈ పరీక్షలు పిల్లల హక్కులకు భంగమేనని తేల్చిచెప్పింది.

ఈ పరీక్ష తరగతిలోకి అడుగుపెడితే టీచర్ పని తలకిందులవుతుంది. పాట పోయి వర్క్‌షీట్ వస్తుంది. చెప్పి చేయించే ఆట పోయి, పేరా చదివి జవాబు రాసే పని వస్తుంది. పెన్సిల్ పట్టుకునే వేళ్లు ఇంకా గట్టిపడని బిడ్డకు ఐదు వాక్యాల వ్యాసం. పిల్లలకు సరిపడేది ఒకటి, అమ్ముడయ్యేది ఇంకొకటి. విదేశం నుంచి వచ్చిన టీచర్ ఈ రెండింటి నడుమ నలుగుతారు.

పట్టు దొరకని సర్కారు

ప్రభుత్వాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1980లో సైనిక పాలకుడు చున్ దూ-హ్వాన్ ప్రైవేటు ట్యూషన్లనే నిషేధించారు. అవి చాటుగా సాగాయి. 2000లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధం చెల్లదంది. సిలబస్ కంటే ముందే పాఠాలు చెప్పడాన్ని బడుల్లో కట్టడి చేస్తూ 2014లో ఇంకో చట్టం వచ్చింది. దాని కింద 2018 మార్చి నుంచి ఒకటి, రెండు తరగతులకు బడి వేళల తర్వాత చెప్పే చవకైన ఇంగ్లిష్ క్లాసులు ఆగిపోయాయి. హగ్వన్లు మాత్రం యథావిధిగా నడిచాయి. డబ్బున్నవాళ్లకు పోయిందేమీ లేదు, లేనివాళ్ల క్లాసే పోయింది. గగ్గోలు పుట్టడంతో 2019లో తిరిగి అనుమతించారు.

పల్లెల కోసం 2008లో ‘టాక్’ అనే పథకం పెట్టి, విదేశాల నుంచి యువతీయువకులను మారుమూల ప్రాథమిక బడులకు పంపారు. అది 2021లో ముగిసిపోయింది. పట్నంలో హగ్వన్లు పెరుగుతుంటే పల్లె బడికి ఆ దారిలో వచ్చే ఇంగ్లిష్ గొంతు ఆగిపోయింది.

ముందు మొదలెడితే ముందుంటారా?

ఇంత ఖర్చు వెనక ఉన్న నమ్మకం ఒక్కటే. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత బాగా వస్తుందని. ఆ భాషే చుట్టూ మాట్లాడే దేశంలో పెరిగే బిడ్డ విషయంలో అది నిజం. వారానికి కొన్ని గంటలు మాత్రమే వినే చోట అలా జరగదు. బార్సిలోనా విశ్వవిద్యాలయంలో కార్మెన్ మున్యోజ్ బృందం ఎనిమిదేళ్లకు, పదకొండేళ్లకు ఇంగ్లిష్ మొదలుపెట్టిన పిల్లలను ఏళ్ల తరబడి పోల్చి చూసింది. పాఠం విన్న గంటలు సమానమైనప్పుడు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లే ముందుకెళ్లారు. పెద్ద పిల్లలకు సొంత భాష గట్టిపడి ఉంటుంది, నేర్చుకునే కిటుకూ తెలుస్తుంది.

అలాగని చిన్నప్పుడు ఇంగ్లిష్ వినిపించకూడదని కాదు. మన ఇళ్లలోనూ మారుమోగే ‘బేబీ షార్క్’ పాట వీడియో కొరియా కంపెనీ చేసిందే. 2022 జనవరిలో యూట్యూబ్‌లో వెయ్యి కోట్ల వీక్షణలు దాటిన తొలి వీడియో అది. ఆ పాటకు చేతులాడించే ఏ బిడ్డా మార్కుల కోసం ఆడించడు.

మన వాకిట్లోనూ ఇదే

తెలుగు నేల మీద ఇంగ్లిష్ మోజు కొరియాకు తీసిపోదు. అన్ని ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం పెట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఉత్తర్వులిస్తే, మరుసటేడు హైకోర్టు వాటిని కొట్టేసింది. పేద తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఇంగ్లిష్ మీడియమే కోరుకున్నారు. వాళ్ల వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. డబ్బున్నవాళ్ల పిల్లలకు అందే ఇంగ్లిష్ మా పిల్లలకు ఎందుకు వద్దని వాళ్లడిగారు. కొరియాలో పక్క బెంచీ మీది బాబు కథే అది. ఆ ప్రశ్నకు జవాబు ప్రభుత్వ బడిలో మంచి ఇంగ్లిష్ టీచర్ ఉండటమే తప్ప, ఎల్‌కేజీ సీటుకి ప్రశ్నపత్రం కాదు.

మన విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బడిలో చేర్చుకోవడానికి బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పరీక్ష పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25 వేల రూపాయల దాకా, ఆపై ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. కానీ ఈ చట్టంలో బిడ్డ అంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ల వయసువారు. ఆరేళ్ల లోపు నర్సరీ ప్రవేశాలకు ఇది వర్తించదని 2013లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కొరియాలో గోసి దూరిందీ ఈ వయసు దగ్గరే. అక్కడ ముదిరాక కమిషన్లు మాట్లాడుతున్నాయి. ఇక్కడ ఇంకా ముదరలేదు.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని తల్లిదండ్రులకు లేదు. మీ బిడ్డను చేర్చే చోట రెండే రెండు విషయాలు చూడండి. ఇంగ్లిష్ తరగతిలో పిల్లలు లేచి తిరుగుతున్నారా, సొంత భాషలో మాట్లాడితే టీచర్లు తిట్టకుండా ఉంటున్నారా? రెండూ ఉంటే ధైర్యంగా చేర్చండి. మూడేళ్ల బిడ్డ చేతికి ప్రశ్నపత్రం ఇచ్చే బడి ఎదురైతే, దాని పేరు ఎంత పెద్దదైనా సరే, ఆ దరఖాస్తు అక్కడే తిరిగిచ్చేసి రండి.